మూడో రీలు తర్వాత వచ్చిన పాట

నా దగ్గర ఒకే సినిమా తొమ్మిది రకాలుగా ఉంది. పాటల క్యాసెట్లు నాలుగు. మాటలతో సహా సినిమా మొత్తం వినిపించే క్యాసెట్ల జత ఒకటి. వీడియో క్యాసెట్టు ఒకటి. సీడీల జతలు రెండు. యాభై ఏళ్ల పండగ పేరు చెప్పి అమ్మిన డీవీడీ పెట్టె ఒకటి. సినిమా పేరు రాయను. రాస్తే చదివినవాళ్లు అందులోని పాటల గురించి నాకు చెప్పడం మొదలుపెడతారు. ఆ పాటల గురించి నాకు కొత్తగా చెప్పగలిగినవాళ్లు కోనసీమలో ఎవరూ లేరు.

అది కాక మరో అరవై దాకా పాత పాటల సినిమాల క్యాసెట్లున్నాయి. వెండి అంచు అట్టలవి, బంగారు అంచు అట్టలవి, పాతికేళ్లవి, నలభై ఏళ్లవి. వాటిని మోజుతోనే కొన్నాను, కాదనను. కొత్త క్యాసెట్టు డబ్బా తెరిస్తే వచ్చే వాసన, మడతలు మడతలుగా బయటికొచ్చే అట్ట, నలుపు తెలుపు సినిమాకి అట్ట మీద వాళ్లిష్టమొచ్చినట్టు వేసిన చీరల రంగులు, అన్నీ నాకు ఇష్టం. కానీ మొదలు పెట్టింది మోజుతో కాదు. ఒక్క పాట కోసం.

రాజోలు అవతల ఒక ఊళ్లో పుట్టాను. అమ్మా నేనూ కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్లం. ఆ పని చూడనివాళ్ల కోసం చెబుతాను. రాట్నం ఒకచోట పాతి ఉంటుంది. ఒక మనిషి కూర్చుని దాన్ని తిప్పాలి. ఇంకో మనిషి ఒడినిండా పీచు కట్టుకుని, కొస రాట్నానికి తగిలించి, వేళ్లతో పీచు వదులుతూ వెనక్కి వెనక్కి నడవాలి. ఎంత దూరం నడిస్తే అంత తాడు. తిప్పేది నేను. నడిచేది అమ్మ.

అమ్మ పాడుకుంటూ నడిచేది. పల్లవి నా మొహం మీదే మొదలయ్యేది. చరణం సగానికి వచ్చేసరికి ఆమె పెరడు చివర అరటి మొక్కల దగ్గర ఉండేది. రాట్నం కిర్రుమంటూ ఉండేది. పెదాలు కదలడం కనపడేది, పాట వినపడేది కాదు. తాడు చుట్టుకుని తిరిగొచ్చేటప్పుడు పాడేది కాదు, ఆయాసపడేది. అందుకని నాకు పల్లవీ, సగం చరణమే వచ్చు. పూర్తి పాట నేను విన్నది ఒక్కసారే, డేరా హాల్లో, అమ్మ పక్కన కూర్చుని.

అప్పుడు నాకు పదేళ్లు ఉంటాయి. కోతలైన చేలో సినిమా డేరా వేశారు. మెషిను ఒక్కటే. ఒక రీలు అయిపోగానే దీపాలు వెలిగించి, రెండో రీలు ఎక్కించి, మళ్లీ ఆర్పేవాళ్లు. అందుకని సినిమా చూసిన పిల్లలందరికీ ఏ రీల్లో ఏం జరిగిందో అంకెలతో సహా నోటికి వచ్చేది. ఆ సినిమాలో మూడో రీలు చివర ఒక పాట. చీకటి ఏరు. పడవ. పడవలో ఒక మనిషి, మొహం కనపడదు. ‘ఆవలి ఒడ్డున దీపమెవరిదో’ అని మొదలు. అమ్మ నలుగురిలో నోరెత్తే మనిషి కాదు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఆ పాట పాడింది.

రెండేళ్లకు జ్వరంతో పోయింది. ఫోటో లేదు. చీరలు ఎవరో పట్టుకెళ్లారు. పాట ఒక్కటీ మిగలాలి, అదీ సగమే మిగిలింది.

ఆ తర్వాత నాకు పెళ్లయింది, కొన్నేళ్లకు ఆయన పోయాడు, పిల్లలు లేరు. అమలాపురం పక్కన అన్నయ్య ఇంటి వెనక వాటాలో ఉండిపోయాను. అన్నయ్య మస్కట్‌లో తాపీ పనికి వెళ్లేవాడు. తొంభైల మొదట్లో ఒకసారి వస్తూ రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ పట్టుకొచ్చాడు. దాన్ని ఇంట్లో బల్ల మీద పెట్టగానే నాకు తోచిన మొదటి సంగతి ఆ పాట. అన్నయ్యని అడిగాను, అమ్మ పాడిన పడవ పాట నీకు గుర్తుందా అని.

“అమ్మ ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేది కదే. ఏదని గుర్తుంటుంది?” అన్నాడు. నా పదో ఏటికే అతను అమలాపురంలో పనికి కుదిరాడు. ఆ డేరా చూడలేదు.

గడియారస్తంభం దగ్గర సందులో క్యాసెట్ల కొట్టు ఉండేది. కొట్టతను మర్యాదస్తుడు. అందరినీ వరసపెట్టి పిలిచేవాడు. నేను పిన్నిగారిని.

“ఏ పాట కావాలండి పిన్నిగారూ?”

సినిమా పేరు చెప్పి, “అందులో పడవ పాట ఉన్న క్యాసెట్టు కావాలి” అన్నాను.

“ఇందులో అన్నీ ఉంటాయండి.”

“అన్నీ అంటే ఎన్ని?”

“ఎనిమిదండి. అటు నాలుగు, ఇటు నాలుగు.”

“సినిమాలో అంతకి రెట్టింపు ఉన్నాయి.”

“ఆయ్. ఒక్క క్యాసెట్లో పట్టవు కదండి.”

ఆ మాట నన్ను పదిహేనేళ్లు నడిపించింది. పట్టలేదు గనక లేదు. ఇంకో దాంట్లో ఉంటుంది.

ఇంకోటి వచ్చింది. పాతది ఎర్ర అట్ట, ఇది ఆకుపచ్చ అట్ట. కొన్నాను. అవే ఎనిమిది పాటలు. కొన్నాళ్లకి వెండి అంచుతో, హీరో హీరోయిన్ల బొమ్మ పెద్దది చేసి, నలభై ఏళ్లయిన సందర్భంగా అని మరోటి వేశారు. కొన్నాను. మళ్లీ అవే ఎనిమిది, వరస మార్చారు. కొట్టతన్ని నిలదీశాను.

“అట్ట వెనక రాసుందండి పిన్నిగారూ. మీరు చూసుకునే పట్టుకెళ్లేరనుకున్నాను.”

అతను వెటకారానికి అనలేదు. నాకు చదువు రాదన్న సంగతి అతనికి తెలీదు. నేను తెలియనిచ్చేదాన్ని కాదు, అట్టని కాసేపు తిప్పి తిప్పి చూసి ఇచ్చేదాన్ని.

అప్పట్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకి అక్షరాలు చెప్పేవాళ్లు. ఆ మర్నాడే వెళ్లాను. నాకప్పుడు యాభైకి అటూ ఇటూ. చదువుల తల్లి మీద భక్తితో వెళ్లాననుకునేరు. అదేం లేదు. చెప్పే అమ్మాయి పలక ఇచ్చి, “ముందు మీ పేరు రాయడం నేర్చుకుందామండి పెద్దమ్మగారూ” అంది.

“నా పేరు నాకు తెలుసు. ఇదిగో, దీనిమీద ఉన్నది చదవడం నేర్పు” అని వెండి అంచు అట్ట తీసి ముందు పెట్టాను.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, అట్టనే పుస్తకం చేసుకుంది. నేను మొదట చదివిన వాక్యాలు సినిమా పాటల మొదటి ముక్కలే. అందరూ అ అంటే అమ్మ అని నేర్చుకుంటే నేను అట్ట వెనక వరసలో ఏ పాట ముందుంటే అది నేర్చుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. కానీ కొట్టుకి వెళ్లి, నిలబడి, అట్ట వెనక చదివి, “ఇందులో లేదు, వద్దు” అని తిరిగి ఇచ్చిన రోజు కొట్టతను లేచి స్టూలు వేశాడు.

మా వదినకి ఇదంతా పిచ్చి. అన్నయ్య భార్య. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ వయసులో కూడా నన్ను మరదలుపిల్లా అనే పిలిచేది, పదిమందిలో మరీనూ. ఆ సినిమా ఆమె కూడా చిన్నప్పుడు చూసింది.

“హీరో లేడు. హీరోయిన్ లేదు. పడవలో మనిషి మొహం కనపడదు. పాట మాత్రం ఉంది. ఎవరి కోసం తీసేరే, నీకోసమా?”

“ఉంది వదినా. మూడో రీలు చివర.”

“నేను అమలాపురం హాల్లో కుర్చీలో కూర్చుని చూసేను. నువ్వు డేరాలో ఇసక మీద కూర్చుని చూసేవు. ఎవరి సినిమా అసలుదో నువ్వే చెప్పు.”

“నీకు నిద్రపట్టేసుంటుంది.”

“ఆహా. నిద్రపట్టినా టిక్కెట్టు కొన్నదాన్ని. పాట ఉంటే నాకూ వాటా ఇచ్చేవాళ్లు.”

ఇలా అంటూనే ఉండేది, నేను తెచ్చిన ప్రతిదీ నాతో కూర్చుని వినేది. మాటలతో సహా ఉన్న క్యాసెట్ల జత వచ్చినప్పుడు ఇద్దరం అన్నాలు మానేసి విన్నాం. కళ్లకి పనిలేకుండా సినిమా వినడం ఒక చిత్రమైన సంగతి. తలుపు చప్పుడైతే ఎవరొచ్చారో, గాజుల చప్పుడైతే ఎవరు లేచారో మనమే అనుకోవాలి. ఏటి చప్పుడు కోసం చెవులు పెట్టి కూర్చున్నాను. వచ్చింది కూడా. దాని మీద హీరోయిన్ మాటలు రెండు వచ్చాయి. తర్వాత వేరే పాట, అందరికీ తెలిసిందే, హీరో పాడేది. తర్వాత పెళ్లి మేళం. వదిన టేపు ఆపి, “కుదించేరేమోలే” అంది. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

అవును, కుదించారు. నేనూ అదే అనుకున్నాను. క్యాసెట్లు గనక కుదించారు. వీడియోలో ఉంటుంది. వీడియో క్యాసెట్టు తెప్పించాను, పక్క వీధిలో వీసీఆర్ ఉన్నవాళ్ల ఇంట్లో చూశాను. లేదు. ఎక్కడో రెండు మూడుచోట్ల బొమ్మ గెంతింది. చూశావా, అరిగిపోయిన ప్రింటు, అక్కడే పోయింది అనుకున్నాను. నమ్మదల్చుకున్న మనిషికి చినుగు కూడా సాక్ష్యమే.

పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్లు వచ్చి క్యాసెట్ల పెట్టె తడిసింది. చెట్లన్నీ పడిపోయాయి, పీచు లేదు, పని లేదు. తినడానికి చూసుకోవాల్సిన రోజుల్లో నేను క్యాసెట్లు విప్పి నీడలో ఆరబెట్టుకున్నాను. ఊరంతా నవ్వింది. నవ్వడానికి ఊరికి ఏదో ఒకటి కావాలి కదా అప్పుడు. ఆరినవాటిలో కొన్ని పాడాయి, వంకరగా. రెండేళ్లపాటు కొత్తవి కొనలేదు.

తర్వాత సీడీలొచ్చాయి. ఒకటి కాదు, రెండు కంపెనీలు వేశాయి. అన్నయ్య ఆఖరిసారి మస్కట్ నుంచి వచ్చేస్తూ ప్లేయరు తెచ్చాడు. రెండిట్లోనూ చూశాను. లేదు. కానీ బొమ్మ స్పష్టంగా ఉంది. హీరోయిన్ చెవి దుద్దులు కూడా కనపడుతున్నాయి. అమ్మ చూసిన సినిమా ఇదే కదా అని, పాట లేకపోయినా మూడో రీలు ఎక్కడ అయిపోయి ఉంటుందో అంచనా వేసి, అక్కడ ఆపి, కాసేపు ఆ నిలిచిపోయిన బొమ్మని చూసేదాన్ని. వదిన చూసి వెళ్లి కూర తరుక్కునేది.

సినిమాకి యాభై ఏళ్లు నిండాయని డీవీడీ పెట్టె వేస్తున్నారని కొట్టతను నెల ముందే చెప్పాడు. వచ్చిన రోజు మా పక్కింటి ఫోనుకి చేశాడు.

“పిన్నిగారూ, వచ్చిందండి. మీరొచ్చి అట్ట చదవండి. నేను చెప్పను.”

వెళ్లాను. గట్టి అట్టపెట్టె, బంగారు రంగు అక్షరాలు, లోపల రెండు డిస్కులు, ఒక చిన్న పుస్తకం. వెనకవైపు కింద రాశారు, విడుదలైన కొత్తలో తీసేసిన పాట ఒకటి ఇప్పుడు దొరికితే చేర్చామని. అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. ‘తీసేసిన’ దగ్గర వేలు పెట్టి కొట్టతనికి చూపించాను.

“మీదేనండి” అన్నాడు. “ఇన్నేళ్లకి.”

బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. సంచిలో పెట్టలేదు.

పొద్దున్నే, ఇంటి పనులు కాకముందే, అన్నయ్య, వదిన, నేను కూర్చున్నాం. వదిన తల దువ్వుకుని మరీ వచ్చింది. అన్నయ్య రెండో డిస్కు పెట్టాడు. గీతలతో, వెలిసిపోయిన బొమ్మ వచ్చింది. బజారు. హాస్యగాడు గాడిదని అమ్ముతూ పాట ఎత్తుకున్నాడు. పాట మంచిదే. అన్నయ్య నవ్వబోయి మా ఇద్దరినీ చూసి మానుకున్నాడు. అది అయిపోయాక ఇంకేమీ లేదు, నల్ల తెర.

ఆ రోజు వదిన నన్ను మరదలుపిల్లా అనలేదు. “కాఫీ తాగుదువు రా” అంది.

తర్వాత నాలుగు రోజులు ఆ చిన్న పుస్తకం చదివాను. పాటలన్నీ వరసగా, ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ సందర్భం, అన్నీ రాశారు. తీసేసిన దాంతో కలిపి పదహారు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. తర్వాత కింద నుంచి పైకి చదివాను. ఆ పాట లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. వెతికి, లెక్క సరిచూసి, తెలిసినవాళ్లు రాసిన పుస్తకం అది. అక్షరాలు నేర్చుకోకపోయి ఉంటే ఇంకో అట్ట కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని. చదివాను గనక తలుపు మూసుకుపోయింది. చదువు మంచిదే అంటారు. నేను మాత్రం ఆ నాలుగు రోజులూ ఆ అమ్మాయి పలకని తిట్టుకున్నాను.

కొట్టతనికి సంగతి చెబితే ముందు నాకు స్టూలు వేశాడు. తర్వాత అన్నాడు. “కొత్తపేటలో ఒకాయన ఉన్నారండి. అప్పట్లో మీ రాజోలు వైపు డేరా హాళ్లలో మెషిను తిప్పేరంట. నా దగ్గర హరికథల క్యాసెట్లు కొంటారు. ఒకసారి అడిగి చూడండి.”

“ఇప్పుడేం అడుగుతావే,” అంది వదిన, ఇంటికెళ్లి చెబితే. అని, చెప్పులు వేసుకుంది.

ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని టేబులు ఫ్యాను విప్పి నూనె వేస్తున్నాడు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, వేళ్లు మాత్రం వణకడం లేదు. మేం ఎవరమో, ఏ ఊరి డేరానో చెప్పాను. ఊరి పేరు వినగానే కోతలైన చేలో డేరా ఎటు మొహం పెట్టి వేశారో చెప్పాడు. సరైన మనిషి దగ్గరకే వచ్చామనుకున్నాను. సినిమా పేరు చెప్పి, మూడో రీలు చివర పడవ పాట అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

“అది ఆ సినిమాలోది కాదండి.”

వదిన నా వైపు చూసింది. గెలిచాను అనొచ్చు ఆమె. అనలేదు.

“మరి దేన్లోది?” అన్నాను.

“చెబుతానుండండి. ఇన్నేళ్లయింది, ఇప్పుడు నన్నెవరేం చేస్తారు. మీ ఊరికి ముందు ఊళ్లో మూడో రీలు మెషిన్లో ఇరుక్కుంది. ఆ వేడికి ఫిల్ము ఒక్క క్షణం ఆగితే చాలండి, మసి. ఒక పాటంతా కాలిపోయింది, హీరో పాడేది. మా ఓనరుగారికి తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. దానికి ముందు ఆడిన సినిమాలోంచి ఊడిపోయిన ముక్క ఒకటి నా పెట్టెలో ఉంది. పడవ పాట. మొహం కనపడదు, ఎవరైనా కావచ్చు. కత్తిరించి అతికించేసేను. ఆ పెట్టె వెనక్కి వెళ్లేదాకా మీ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదే సినిమా అండి.”

“ఎవరూ అడగలేదా?”

“పాట బాగుంది కదండి. బాగున్నదాన్ని ఎందుకుందని ఎవరడుగుతారు?”

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. దానికి ముందు వచ్చిన సినిమాకి నేను వెళ్లలేదు. ఆటలమ్మ పోసి పడుకున్నాను. అమ్మ పక్కింటివాళ్లతో వెళ్లింది. అందుకే డేరాలో ఆ పాట వచ్చీ రాగానే అందుకుంది. కొత్త పాట అమ్మకి ఎలా వచ్చిందని నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. అమ్మలకి అన్నీ వస్తాయనుకున్నాను.

“ఆ ముందు సినిమా పేరేంటండి?” అని అడిగాను. పేరు తెలిస్తే చాలు, దానికీ ఎక్కడో క్యాసెట్టు ఉంటుంది.

“కాల్చుకున్నాను గనక ఈ సినిమా పేరు మరవలేదు, ఆ ముందుది పెట్టె మీద రాసుండేదండి. నాకు చదువు రాదు. అంకెలు వచ్చు. రీళ్లు అంకెలు చూసి ఎక్కించేవాణ్ణి. బండి మీద ఊరేగి మైకులో పేరు చెప్పేది వేరే మనిషి. ఆయన పోయి చాలా కాలమైంది.”

“ఇప్పటికైనా నేర్చుకోలేదా?” అన్నాను. కోపంగానే అన్నాను.

“ఇప్పుడూ రాదండి.”

“నేను యాభయ్యో ఏట నేర్చుకున్నాను.”

“మీకు పనిపడింది, నేర్చుకున్నారు. నాకేం పనండి?”

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. నిజానికి ఆయన్ని అనడానికి నాకేముంది. అప్పటికి నాకూ రాదు. అమ్మకీ రాదు. ఆ డేరాలో కూర్చున్నవాళ్లలో పేరు చదవగలిగినవాళ్లు పదిమంది కూడా ఉండరు.

ఆయన మళ్లీ అన్నాడు. “ఇంకో మాట చెప్పనా అమ్మా. ఆ ముక్క బాగా అరిగిపోయింది. బొమ్మ కనపడేది గానీ సౌండు గరగర. మొదటి రోజు జనం విసుక్కున్నారు. రెండో రోజు అక్కడికి రాగానే సౌండు బాగా తగ్గించేసేను. తగ్గిస్తే ఆడవాళ్ల వైపు నుంచి పాట వచ్చింది. ముందు సినిమాలో విన్నారు కదా, వాళ్లకి వచ్చు. ఆ తర్వాత రోజూ అంతేనండి. నేను తగ్గించడం, వాళ్లు పాడడం. మీ ఊళ్లో మరీ బాగా పాడేరు.”

ఆ సాయంత్రం నాకు అమ్మ గొంతు అంత బాగా ఎందుకు వినపడిందో, తెర మీది గొంతు ఎందుకు గుర్తులేదో తెలిసింది. నేను వెతికింది సినిమాలోని పాట కాదు. ఆ ముందు సినిమా పేరు తెలిసినా, దానికి వందేళ్ల పండగ చేసి పెట్టె వేసినా, అందులో ఉండేది ఎవరో పాడిన పాట. రాజోలు అవతల కోతలైన చేలో ఆడవాళ్లు పాడింది ఏ కంపెనీ వెయ్యలేదు. వెయ్యలేదు గనక అది ఎక్కడా లేదు.

“పాట మీకు గుర్తుందాండి?” అని వదిన ఆయన్ని అడిగింది.

“వరస లీలగా. ఆవిడ పాడితే చెబుతాను.”

నేను ఆ పాటని ఎవరి ముందూ పాడలేదు. కొట్టతనికి కూడా మొదటి ముక్క మాటగా చెప్పేదాన్ని, పాటగా కాదు. పాడితే పాడైపోతుందని నా భయం. ఉన్నదే సగం. అందులో నా గొంతు చేరితే అమ్మది ఎంత మిగులుతుందని. ఆ పూట మాత్రం పాడాను, అరుగు మీద, ఫ్యాను ముక్కల ముందు. పల్లవి అయింది. ఆయన తలూపాడు. చరణంలో రెండో ముక్క దగ్గర “అక్కడ ఇంకొంచెం పైకండి” అన్నాడు. పైకి వెళ్లి చూశాను. నిజమే, పైకే. నలభై యాభై ఏళ్లుగా నేను దాన్ని కిందకి దించేసుకున్నాను. ఇంకో ముక్క పాడి ఆగిపోయాను.

“తర్వాత?” అన్నాడు.

“తర్వాత నాకు రాదు.”

“నాకూ అంతేనండి. అక్కడికొచ్చేసరికి నేను నాలుగో రీలు తీసి పెట్టుకోవాలి కదా.”

ఆయన కోడలు మజ్జిగ ఇచ్చింది. తాగి, దణ్ణం పెట్టి, వచ్చేశాం.

అమలాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కాలవ గట్టు వెంట బస్సు నెమ్మదిగా పోతోంది. కాసేపటికి పక్కన వదిన నేను ఆపిన చోటునుంచి కూనిరాగం తియ్యడం మొదలుపెట్టింది. ఎన్నడూ వినని పాట, ఆమెకి ఆమే కల్పించుకుని.

“అది కాదు” అన్నాను.

“ఎలా చెబుతావు, నీకు రాదు కదా?”

“ఏది కాదో తెలుసు.”

“సరే, ఇదేమో చూడు.” ఇంకోలా తీసింది.

“కాదు.”

“ఇది?”

“కాదు వదినా. సినిమా పాటలా ఉంది.”

“సినిమా పాట కాకపోతే ఏంటే అది?” అని, ముందు సీటులోవాళ్లు తిరిగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా, మళ్లీ తీసింది. కాదు. మళ్లీ. కాదు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో, నా పాటని పదిహేనేళ్లు లేదని వాదించిన మనిషి, ఆ బస్సులో ఎన్ని రకాలుగా తీసిందో నేను లెక్కపెట్టలేదు. ప్రతిదానికీ కాదంటూ వచ్చాను.

అమలాపురం దగ్గర పడ్డాక ఒక్కచోట నేను వెంటనే కాదనలేదు.

వదిన ఆగి నా మొహం చూసింది.

“మళ్లీ అను” అన్నాను.

మళ్లీ అంది. అదే అనుకునే అంది గానీ, రెండోసారి ఆ వరస రాలేదు.